పక్కవాడి తలలో తొమ్మిదేళ్లు

వడ్రంగి నలభై రోజులు జ్వరంతో మంచం దిగలేదు. నలభై ఒకటో రోజు డాక్టరు నాడి చూసి, ఆ చేతిని మెల్లగా దుప్పటి మీద పెట్టి, "చుట్టాలకి కబురు పెట్టుకోండి" అన్నాడు. వడ్రంగి తల్లి కొడుకు తల ఒళ్లోకి తీసుకుంది. భార్య మాత్రం చెప్పులు తొడుక్కుని బయటికి నడిచింది.

ఆమె బట్టలు కుట్టేది. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. మంత్రాలంటే నవ్వే మనిషే. కానీ మునిగిపోయేవాడు చేతికందిన గడ్డిపోచ ఏ గట్టు మీదిదని అడగడు కదా. అద్దకాల షెడ్డు వెనక పొగమ్మ అనే ముసలిది ఉండేది. పోయే ప్రాణాన్ని ఆపుతుందనీ, బదులుగా ఏదో ఒకటి పోగొడుతుందనీ జనం చెప్పుకునేవారు.

పొగమ్మ కుంపటి ముందు కూర్చుని గోనెసంచికి మాసిక వేసుకుంటోంది. తలెత్తకుండానే విన్నది.

"ప్రాణం నిలబెడతాను. కానీ అతనికి అన్నిటికన్నా ఇష్టమైన జ్ఞాపకాలు బయటికి పోతాయి."

"ఎక్కడికి పోతాయి?"

"గాలిలోకి. ఎవరో ఒకరు పీలుస్తారు."

"మనిషి ఉంటాడుగా?"

"ఉంటాడు."

"చాలు" అంది ఆమె.

ముసలిది నిప్పుల మీద నల్లటి పొడి చల్లి, లేచిన పొగను సీసాలో పట్టి ఇచ్చింది. ఆమె పరుగున ఇంటికి వచ్చి అతని ముక్కు దగ్గర మూత తీసింది. మర్నాడు పొద్దున అతను లేచి కూర్చుని, "అమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు. తల్లికి ప్రాణం లేచొచ్చింది. అంతలో గుమ్మంలో నిలబడ్డ భార్యను చూసి, అతను దుప్పటి మీదికి లాక్కున్నాడు.

"ఈవిడెవరమ్మా?"

"నీ పెళ్లాంరా మొద్దూ. తొమ్మిదేళ్లయింది కట్టుకుని."

అతను చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. "ఏమీ అనుకోకండి. గుర్తు రావట్లేదు" అన్నాడు.

తక్కినవన్నీ గుర్తున్నాయి. పదేళ్లప్పుడు బొటనవేలిలో దిగిన ఉలి గుర్తుంది, కిటికీ చట్రం బిగించే ఒడుపు గుర్తుంది. ఆమె ఒక్కతే లేదు. ఆమెను "మీరు" అనేవాడు. కంచం ముందు పెట్టిన ప్రతిసారీ థాంక్స్ చెప్పేవాడు. తల్లి పోరు పడలేక పడకగదిలోకి వచ్చినా, రైల్లో పక్క బెర్తు మనిషిలా ఒదిగి అటు తిరిగి పడుకునేవాడు.

"కోపంగా ఉంటే కొట్లాడతాను అత్తా. మర్యాదతో ఎలా కొట్లాడను?" అంది ఆమె ఒకరోజు.

రెండు నెలల తరవాత ఒక మధ్యాహ్నం, తాళాలు బాగుచేసే అతనొకడు చిరిగిన కోటు పట్టుకుని దుకాణానికి వచ్చాడు. నలభై దాటిన బట్టతల మనిషి. ఆమె ఎన్నడూ చూసిన ముఖం కాదు. కోటు బల్ల మీద పెట్టి, తలెత్తి ఆమెను చూశాడు.

"సూదిపిట్టా" అన్నాడు.

ఆమె చేతిలోంచి కత్తెర జారింది. ఆ పిలుపు భర్తది. అదీ నలుగురిలో పిలిచేది కాదు.

"ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదు. రెండు నెలల కిందట తాళం ఊడదీస్తుంటే ఘాటుగా పొగ వాసన వచ్చింది. అంతే, తొమ్మిదేళ్లు తలలోకి వచ్చిపడ్డాయి. నీ మోచేతి మీద ఇస్త్రీపెట్టె మచ్చ. వానకి కారే అద్దె ఇల్లు. మూడురోజులే బతికిన మన పాప." అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "నాకు పెళ్లాం ఉంది, ఇద్దరాడపిల్లలు. వాళ్లమీద ఒట్టు, చెడు ఆలోచనతో రాలేదు. ఒక్కసారి చూసి పోదామని వచ్చాను."

ఇద్దరూ అప్పటికప్పుడే పొగమ్మ దగ్గరికి వెళ్లారు.

"వెనక్కి పంపొచ్చు. అవి లోపలికి పోతే, ఆపి ఉంచింది బయటికొస్తుంది" అంది ముసలిది.

"ఏది?"

"ప్రాణం."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తాళాలతను ఆమె కంటే ముందే తల అడ్డంగా ఊపాడు. "వద్దు. నేనే మోస్తాను."

ఆ తరవాత వారానికోసారి వచ్చేవాడు. పట్టపగలు, తలుపులు బార్లా తీసి ఉండగా, ఆమె మిషను తొక్కుతుంటే అతను చెబుతూ ఉండేవాడు. భర్త ఎన్నడూ నోరు విప్పని సంగతులు అతని నోట వినవచ్చేవి.

"పాప పోయిన రోజు నువ్వు నన్ను రాయివన్నావు. నీ ఎదుట ఏడిస్తే నువ్వు నిలబడలేవనుకున్నాను. ఊయల కోసం చిత్రిక పట్టిన చెక్క పారెయ్యలేక, ఈ మిషనుకి బల్లగా బిగించాను. నీ చెయ్యి రోజూ దానిమీద ఉంటుందని."

మిషను ఆగిపోయింది. ఏడేళ్లుగా ఆ కోపాన్ని ఆమె కడుపులో దాచుకునే కాపురం చేసింది. ఇప్పుడు రాయివన్నందుకు క్షమించమని అడుగుదామంటే, చేసినవాడికి గుర్తులేదు. గుర్తున్నవాడు చేసినవాడు కాదు. పక్కగదిలో భర్త ఏదో కూనిరాగం తీస్తూ రంపంతో చెక్క కోస్తున్నాడు.

ఆమె ఉండబట్టలేక తాళాలతన్ని ఆ గదిలోకి తీసుకెళ్లింది. "ఈయన చెప్పేది వినండి. అంతా మీదే" అంది. వడ్రంగి రంపం పక్కన పెట్టి, ముక్కాలిపీట మీద కూర్చుని, గంటసేపు శ్రద్ధగా విన్నాడు. పాప మాట వచ్చినప్పుడు అయ్యో అన్నాడు. అందరికీ అనేలాంటి అయ్యో. తాళాలతను వెళ్లాక, చేతులు తుడుచుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఆయనకి మీరంటే ఎంత ప్రేమండీ! నేను అడ్డమనిపిస్తే చెప్పండి. అమ్మని తీసుకుని వేరే ఇల్లు చూసుకుంటాను."

అందులో ఎత్తిపొడుపు లేదు, అలక లేదు. ఉంటే ఆమెకు ఊరటగా ఉండేది.

ఆ వారంలోనే తాళాలతని భార్య వచ్చింది. సన్నటి మనిషి, ముఖం నిండా నిద్రలేమి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీరేదో చేశారని కాదక్కా. ఆయన చిన్నదాన్ని ఎత్తుకుంటాడు, ఎత్తుకుని మీ పాప కోసం ఏడుస్తాడు. అది బెదిరిపోయి నాన్న దగ్గరికి వెళ్లనంటోంది. మేం ఊరు మారిపోతున్నాం. ఆయన ఒప్పుకున్నాడు."

"ఎప్పుడు?"

"రేపు పొద్దున్నే."

ఉండమని ఏ నోరు పెట్టుకుని అంటుంది? "వెళ్లండమ్మా. పిల్లలు జాగ్రత్త" అంది.

మర్నాడు సామాన్ల బండి ఆ వీధిలోంచే వెళ్లింది. తాళాలతను చిన్న కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని వెనకవైపు కూర్చున్నాడు. ఇంటి ముందుకి రాగానే కళ్లు ఎత్తాడు. మలుపు తిరిగేదాకా దించలేదు. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. వానకి కారిన ఇల్లు, ఆ పిలుపు, పాప ముఖం చూసిన రెండో జత కళ్లు, అన్నీ ఆ బండిలోనే పోయాయి.

వడ్రంగి రంపపు పొట్టు దులుపుకుంటూ బయటికి వచ్చాడు. ఆమె ఏడుస్తుండటం చూసి కంగారుపడ్డాడు.

"బాగా కావలసినవాళ్లాండీ?"

"అవునండీ" అంది ఆమె.

అతను ఓదార్చడానికి చెయ్యి చాచి, పరాయి ఆడమనిషి కదా అనుకున్నాడో ఏమో, మధ్యలోనే వెనక్కి తీసుకున్నాడు.