మెట్ల పూజ

హైమ నొప్పి నిజమో, నాటకమో ఆ రోజు తేలిపోవాలి. నాలుగడుగులు గబగబా వేస్తే చాలు, ఆ పిల్లకు పిక్కలు బిగుసుకుపోయేవి. ఆ నొప్పికి ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు మాత్రం ఒళ్ళు బద్ధకం. తల్లి బంగారమ్మకైతే నొప్పి మాటెత్తితేనే ఒళ్ళు మంట.

కిందటేడు అన్నవరం కొండ మెట్ల మీద హైమ సగంలోనే కూలబడితే, అక్క మంజుష అందరి ముందూ రెక్క పట్టుకుని లాగింది. "లేవే, నాటకాలు చాలు!" ఆ మంజుషేమో ఏటా మెట్ల పూజ చేసేది. వంగి మెట్టుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, తీరిగ్గా దణ్ణం పెట్టుకుని, అప్పుడు పై మెట్టు ఎక్కేది. ఎంత భక్తో అని చుట్టాలంతా మురిసిపోయేవారు.

ఆ రోజు రాజమండ్రిలో కండరాల మీద పరిశోధన చేసే డాక్టరు గారు హైమను ఎమ్మారై మిషన్లో పడుకోబెట్టి, పాదానికి పెడల్ కట్టి తొక్కమన్నారు. తొక్కుతుంటే కండలో శక్తి ఎలా ఖర్చవుతోందో కోత లేకుండానే తెర మీద గీతల్లో కనిపిస్తుందట. పోల్చి చూడ్డానికి బాగున్న కాలు ఒకటి కావాలన్నారు.

"మా పెద్దదుందిగా అండీ!" అంది బంగారమ్మ గర్వంగా.

మంజుష వద్దంది, తల తిరుగుతోందంది. తల్లి వింటేనా? చెల్లెలి కోసం ఆ మాత్రం చెయ్యవా అని లోపలికి తోసింది.

సాయంత్రం డాక్టరు గారు ఇద్దరి గీతలూ చూపించారు. "హైమ గారిది నాటకం కాదండి. కండలో దాచుకున్న చక్కెరను వాడుకునే శక్తి పుట్టుకతోనే లేదు. అందుకే గట్టిగా కష్టపడితే కండ బిగుసుకుపోతుంది. ఆగి ఆగి, తీరిగ్గా నడిస్తే ఏ ఇబ్బందీ ఉండదు."

హైమకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళకు ఒక మనిషి నమ్మాడు.

"మంజుష గారికీ ఇదే ఉందండి. ఇంతవరకూ చెప్పలేదేంటి?"

బంగారమ్మ తెల్లబోయింది. హైమ అక్క వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"చిన్నప్పట్నుంచీ." మంజుష తలెత్తలేదు. "నువ్వు చెప్పి ఎన్ని తిట్లు తిన్నావో చూశానే. భయమేసింది."

భయమేస్తే నోరు మూసుకుని ఊరుకోవచ్చు. రెక్క పట్టుకుని లాగడం దేనికి? అమ్మ తెలియక తిట్టింది. ఈవిడ ఆ నొప్పి ఎలా ఉంటుందో తెలిసే తిట్టింది.

మంజుష ఏడుస్తూ చెయ్యి పట్టుకోబోయింది. హైమ విదిలించుకుంది.

"నా చేతికీ ఓ పసుపు గిన్నె ఇచ్చుంటే సరిపోయేది కదక్కా!"