తొట్టి నీళ్ల చీటీ

టీ గంట మోగగానే హెటీ గౌను జేబులో చెయ్యి పెట్టింది. పొద్దున్న క్లెమ్ రాసిపెట్టిన చీటీని ఇంకొక్కసారి చదువుకుందామని ఆమె ఆశ. పెళ్లయి ఏడు వారాలే. అతను రాసిన ప్రతి ముక్కనూ బిస్కెట్ల డబ్బాలో దాచుకుంటోంది.

తీరా చేతికొచ్చింది ఓ పాత యాత్రా గ్రంథంలోంచి ఎత్తి రాసిన వాక్యం. “సత్రపు పనిమనిషి దొరగారి స్నానానికి తొట్టిలో నీళ్లు పట్టింది.” పై మూల ఎర్ర సిరాతో ‘రన్’ అని ఉంది.

హెటీ దాన్ని వెనక్కి తిప్పి చూసింది, క్లెమ్ రాత లేదు. ఇది జేబులో ఉందంటే, క్లెమ్ చీటీ ఆఫీసు చీటీల కట్టలోకి వెళ్లిందన్నమాట. కట్టేమో అరగంట క్రితమే సంపాదకుడు ప్రాథెరో గారి బల్లెక్కింది!

ఇంగ్లండులో, నారిచ్‌లోని ఆ ఇంగ్లీషు నిఘంటువు కచేరీలో అందరి బతుకూ చీటీలతోనే. చీటీకి ఒక వాక్యం, దాని కింద పుస్తకం పేరు, ఏడాది, పేజీ. నాలుగు నెలలుగా హెటీ ఈ ఒక్క క్రియతోనే కుస్తీ పడుతోంది. నది పారినా రన్నే, ముక్కు కారినా రన్నే. స్నానానికి తొట్టిలో నీళ్లు పట్టినా, బట్ట రంగు దిగినా, మేజోడు పోగు లేచినా, బస్సు నడిచినా, మనిషి ఎన్నికల్లో నిలబడినా అదే మాట.

“మీ క్రియకి ఓ చోట కూర్చోవడం తెలీదా?” అంటాడు క్లెమ్. కచేరీలో పాడైన చీటీలను హెటీ ఇంటికి తెస్తే, వాటి వెనక వైపున ఆమెకు ఉత్తరాలు రాసేదీ అతనే. నిన్న సాయంత్రం పని తెమలక తొట్టి నీళ్ల కట్టను భోజనాల బల్ల మీద పరిచింది. పొద్దున్న హడావుడిలో క్లెమ్ చీటీ అనుకున్నదాన్ని జేబులో దోపి, బల్ల మీదున్న మిగతావన్నీ ఊడ్చి సంచిలో వేసుకుంది.

పెళ్లయిన ఆడవాళ్లకు ఆ కచేరీలో చోటు లేదు. ప్రాథెరో తన పూచీ మీద ఆమెను ఉంచాడు. “ఒక్క చీటీ దారి తప్పిందో, నీ బుర్ర ఇంటి దగ్గరే ఉండిపోయిందనుకుంటాను. తప్పకపోతే తర్వాతి క్రియ ‘సెట్’ కూడా నీదే” అన్నాడు. ఆ ‘సెట్’ మీద హెటీకి ఎంత ఆశో!

టీ చల్లారిపోయింది. ఆమె కూర్చుంది, లేచింది, కిటికీ దాకా వెళ్లి వచ్చింది.

“ఏమైందే, కాలుగాలిన పిల్లిలా?” అంది పక్క బల్ల మిస్ టిబిట్స్. “కొత్త మొగుడు గుర్తొచ్చాడా?”

“గుర్తు రావడమేంటి, ఆయన ఏకంగా ప్రాథెరో గారి గదిలోనే ఉన్నాడు!”

టిబిట్స్ నోరు తెరిచేలోగా హెటీ వెళ్లి తలుపు తట్టింది.

ప్రాథెరో కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి ఓ చీటీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఉన్నాడు. వంకరటింకర రాత దూరం నుంచే గుర్తుపట్టింది హెటీ.

“‘నీకు స్నానానికి నీళ్లు పట్టాను. చల్లారకముందే రా, నా బుజ్జి బాతూ’” అని ఆయన పైకి చదివాడు, ఏ మతగ్రంథమో చదువుతున్నంత గంభీరంగా. “రచయిత ఎవరు?”

“మా ఆయన, సార్.”

“ఏ సంవత్సరం?”

“ఈ పొద్దున్నే, సార్.” అసలు చీటీ తీసి బల్ల మీద పెట్టింది. “ఇది దారి తప్పలేదండీ. నా జేబులోనే ఉంది.”

ఆయన రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. 

“ఈ అర్థానికి ముప్పై ఏళ్లుగా కొత్త వాక్యం లేదు. ఇది ఉంచుకుంటున్నాను.”

“అయ్యో, అది నాది!” అనేసి నాలుక కరుచుకుంది. “అంటే, డబ్బాలో దాచుకుంటానండీ.”

“అయితే నకలు రాయి. తేదీతో సహా.”

హెటీ నిలబడే రాసి ఇచ్చింది. ఆయన చూసి వెనక్కి తోశాడు.

“బాతు ఏదీ?”

“సార్, అది కూడానా?”

“ఉన్న వాక్యాన్ని కత్తిరించడం మన పద్ధతి కాదు, మిసెస్ డన్‌స్టన్.”

చెవుల దాకా ఎర్రబడిపోతూ బాతును కూడా రాసింది. ఆయన దాన్ని కట్టలో దోపి దారం బిగించాడు.

“చీటీలు ఇంటికి తీసుకెళ్లడం ఇదే ఆఖరు. టిబిట్స్‌ని పిలు. ‘సెట్’ చీటీల పెట్టెలు పద్నాలుగు ఉన్నాయి, ఒక్కదానివే మోయలేవు.”

మర్నాడు పొద్దున్న స్నానాలగది తలుపుకు చీటీ వేలాడుతోంది. “నీళ్లు పట్టాను, బాతూ. క్లెమెంట్ డన్‌స్టన్, 1934 మార్చి 9, మొదటి పేజీ.”