ఖాళీ బటన్

"ఖాళీగానే ఉన్నావుగా, ఈ గుండీ కాస్త కుట్టిపెట్టు" అంటూ ఆయన చొక్కా తెచ్చి ఆమె భుజం మీద వేశాడు. అప్పుడామె ఒక చేత్తో పొంగుతున్న పాలు దించుతోంది, ఇంకో చేత్తో స్టవ్ తగ్గిస్తోంది, నోటితో లోపలి గదిలో ఉన్న అత్తగారికి "వస్తున్నానత్తయ్యా" అని జవాబు చెబుతోంది. నిజంగా ఖాళీగా ఉన్నది ఒక్క భుజమే. చొక్కా కూడా సరిగ్గా దాని మీదే పడింది.

పెళ్ళైన కొత్తలో ఆ మాట వింటే ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత చెవులు మొద్దుబారాయి. ఇంకొన్నేళ్ళకి ఆ మాట ఆమె నోట్లోకే వచ్చి కాపురం పెట్టింది. చెల్లెలు ఫోన్ చేసి "ఏం చేస్తున్నావక్కా?" అంటే, ఒళ్ళో ఏరుతున్న బియ్యం, ఎదురుగా మడతపెట్టాల్సిన బట్టలు, చెవికీ భుజానికీ మధ్య ఇరికించిన ఫోన్, ఇన్ని పెట్టుకుని "ఏం లేదే, ఖాళీగానే ఉన్నాను, చెప్పు" అనేది. అందులో ఆమెకి అబద్ధం కనిపించేది కాదు. పని అంటే ఆయన ఆఫీసులో చేసేది. జీతం వస్తుంది కాబట్టి తను పోస్టాఫీసులో చేసేదీ కొంత పనే. మిగతాదంతా మనిషి ఊపిరి పీల్చడం లాంటిది, దానికీ ఒక పేరు పెడతారా ఎవరైనా?

పోస్టాఫీసులో ఆమెది మూడో కౌంటర్. వచ్చేవాళ్ళకి ఆమె పేరు తెలియదు, అందరికీ స్టాంపులమ్మ. ఆ స్టాంపులు కొనేవాళ్ళు మాత్రం కరువైపోయారు. ఉత్తరాలు తగ్గిపోయాయి, బిల్లులు ఫోన్లలోకి వెళ్ళిపోయాయి, వీధి చివర ప్రైవేటు పార్సిల్ కొట్టు వెలిగిపోతూ వెలిసింది. దేశమంతా ఉన్న పోస్టాఫీసుల్లో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అని పైవాళ్ళు తలలు పట్టుకున్నారు. పట్టుకుని, పట్టుకుని, ఒక సర్వే అమ్మాయిని పంపారు.

ఆ అమ్మాయి మర్యాదస్తురాలే. ప్రతి కౌంటర్ మీదా అరచేయంత పెట్టె ఒకటి బిగించింది. దాని మీద బటన్లు. స్టాంపులు, పార్సిల్, పొదుపు, బిల్లులు. అన్నిటికీ కింద బూడిదరంగులో, ఖాళీ.

"ఏ పని మొదలుపెడితే ఆ బటన్ నొక్కండి మేడమ్. ఏ పనీ లేనప్పుడు ఖాళీ నొక్కండి. అంతే."

అంతే కదా అనుకుంది ఆమె కూడా. మొదటి రోజే దర్జీ తాత వచ్చాడు. ఒకప్పుడు బజార్లో కొట్టు ఉండేది, చూపు మందగించాక మూసేసి, ఇంట్లోనే చిన్నపిల్లల గౌన్లు కుడుతున్నాడు. ఫోన్లో ఆర్డర్లు వస్తాయి, పోస్టులో పంపుతాడు. గౌను కుట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు గానీ, దాన్ని పొట్లం కట్టడంలో మాత్రం పసిపిల్లాడే. ఎప్పట్లాగే ఆమె ఆ కాగితమంతా విప్పి, గౌను చేతులు లోపలికి మడిచి, మూలలు అతికించి చూపించింది. "ఈ అడ్రసులో ఇంటి నంబరేది తాతా?" అంటే ఆయన నాలిక్కరుచుకున్నాడు. ఆయన ఫోన్లోంచే కొన్నవాళ్ళకి ఫోన్ చేసి కనుక్కుంది. ఇంతసేపూ ఏ బటన్ నొక్కాలి? పార్సిల్ ఇంకా కాటా ఎక్కలేదు, ఎక్కనిదాన్ని పార్సిల్ అనడం న్యాయం కాదు. ఆమె ఖాళీ నొక్కింది. కాటా ఎక్కాక పార్సిల్ నొక్కింది. చిటికెలో అయిపోయింది కూడా.

తర్వాత ఒక పెద్దావిడ, పింఛను ఎందుకు ఆగిందో తెలియక కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఎక్కడికి వెళ్ళాలో, అక్కడ ఏమని అడగాలో రెండుసార్లు వల్లె వేయించింది. అది స్టాంపులు కాదు, పొదుపు కాదు, బిల్లులు కాదు. ఖాళీ. మధ్యాహ్నం పోస్ట్‌మాస్టర్ గారు తలుపు సందులోంచి "అమ్మా, పైనుంచి ఎవరో వచ్చారు, కాస్త టీ సంగతి..." అన్నారు. ఖాళీ నొక్కి లేచింది.

ఒకటో కౌంటర్ ఆయన వేరే పద్ధతి మనిషి. సిగరెట్‌కి వెళ్ళేటప్పుడు కూడా పొదుపు నొక్కే వెళ్ళేవాడు. పాపం, దొంగబుద్ధేం కాదు. కుర్చీలో ఉన్నా లేకపోయినా తను పనిలోనే ఉన్నట్టని ఆయనకి పుట్టినప్పట్నుంచీ ఒక నమ్మకం. ఆమెకి ఆ నమ్మకం ఎవరూ ఇవ్వలేదు.

కొన్నాళ్ళకి రిపోర్టు వచ్చింది. పోస్ట్‌మాస్టర్ గారు పిలిచి కూర్చోమన్నారు. ఆయన కూర్చోమనడం అంత మంచి శకునం కాదు.

"మూడో కౌంటర్ రోజులో చాలా భాగం ఖాళీగా ఉంటోందని తేలిందమ్మా. దాన్ని తీసేసి, జనమే పార్సిల్ వేసుకునే పెట్టె పెడతారట. నీకు వాలంటరీ రిటైర్మెంటు ఇస్తారు. ఇదిగో కాగితం, సంతకం పెట్టేయ్."

"ఖాళీగానా? నేనా సార్?"

"నన్నంటే ఏం లాభం? నీ చేత్తో నువ్వే నొక్కావు కదమ్మా."

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చింది.

ఇంట్లో ఆయన మాత్రం సంతోషపడ్డాడు. "పోన్లే, మంచిదేగా! అమ్మ మోకాళ్ళకి మనిషిని పెట్టాలేమో అనుకుంటున్నాను, ఆ బాధ తప్పింది. అక్కడా ఖాళీగానే కూర్చుంటున్నావని వాళ్ళే తేల్చారాయె. ఆ ఖాళీగా ఉండేదేదో ఇంట్లోనే ఉండు." నవ్వుతూనే అన్నాడు. ఆయనలో ఇదొక గుణం, ఏ మాటన్నా నవ్వుతూనే అంటాడు, తిరిగి ఏమైనా అంటే మనమే గయ్యాళులం అవుతాం. తన జేబులోని పెన్ను తీసి, కాగితం పక్కన పెట్టి, టీవీ ముందుకి వెళ్ళిపోయాడు.

అన్నాలయ్యాక అత్తగారి మోకాళ్ళకి నొప్పుల నూనె రాస్తూ కూర్చుంది. ఆవిడ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఎందుకు అడగాలనిపించిందో గానీ, అడిగింది.

"అత్తయ్యా, మీరు నా వయసులో ఉన్నప్పుడు రోజంతా ఏం చేసేవారు?"

"నేనేం చేస్తానమ్మాయ్, ఉద్యోగమా సద్యోగమా? ఇంట్లో ఖాళీగానే ఉండేదాన్ని." ఎవరి గురించో చెబుతున్నట్టు తనే అంది, "నీళ్ళు కింద్నుంచి మోసుకోవాలిగా, మన వాటా మూడో అంతస్తులో. మీ మామయ్య తమ్ముళ్ళు మనింట్లోనే ఉండి చదువుకున్నారు. వాళ్ళ బట్టలూ, వంటలూ... అంతే, ఇంకేముంది, ఖాళీయే."

ఆమె చెయ్యి ఆగిపోయింది. అరచేతి కింద ఆ మోకాలు గట్టిగా, వంకరగా, వేడిగా ఉంది. ఖాళీగా కూర్చున్న మనిషి మోకాళ్ళు ఇలా అరిగిపోతాయా? ఈవిడ కూడా జన్మంతా ఆ బూడిదరంగు బటనే నొక్కుకుంటూ వచ్చింది. ఎవరూ బలవంతం చేయక్కర్లేకుండా, తన చేత్తో తనే. ఆ మోకాళ్ళనే అడ్డం పెట్టి ఇప్పుడు తనని ఇంట్లో కూర్చోమంటున్నారు. తను కూర్చుంటే, రేపు తన మోకాళ్ళకి నూనె రాసేవాళ్ళకి తను చెప్పేదీ ఇదే. ఆమెకి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఏడుపు తుడుచుకుని కోపాన్ని మాత్రం ఉంచుకుంది. ఆగిన చెయ్యి మళ్ళీ గబగబా నూనె రుద్దసాగింది.

"నెమ్మదిగానే రాయి, చల్లారిపోతోందా ఏం?" అంది అత్తగారు కళ్ళు తెరవకుండానే.

మర్నాడు కాగితం తీసుకెళ్ళి సంతకం లేకుండానే పోస్ట్‌మాస్టర్ గారి బల్ల మీద పెట్టింది.

"నేను తప్పు నొక్కాను సార్. మళ్ళీ లెక్క వేయించండి. పెట్టెకి ఇంకో బటన్ కావాలి."

"ఇప్పుడా? అయిపోయిన పెళ్ళికి మేళమా అమ్మా?"

"ఇంకా అవలేదు సార్, నేను సంతకం పెట్టలేదుగా." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. అయినా ఆపలేదు. "దర్జీ తాత ఇల్లు ఆ ప్రైవేటు కొట్టు పక్క సందులో. దాన్ని దాటుకుని ఇంత దూరం మన దగ్గరికెందుకు వస్తాడు? అక్కడా కాటా ఉంది, అక్కడా పెట్టె ఉంది. పొట్లం విప్పి మళ్ళీ కట్టిచ్చే మనిషి లేదు. ఆ మనిషిని తీసేసి మనమూ పెట్టెనే పెడితే, వాళ్ళ పెట్టె మన పెట్టెకంటే నిగనిగలాడుతూ ఉంటుంది సార్. ఇంక ఇక్కడికెవరొస్తారు?"

పోస్ట్‌మాస్టర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కుర్చీ కూడా ఈ ఆఫీసుతోనే ఉంది, అది ఆయనకి అప్పుడే గుర్తొచ్చినట్టుంది. సర్వే అమ్మాయికి ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చారు.

"బటన్ పెట్టడం పెద్ద పనేం కాదు మేడమ్, నేను పైవాళ్ళని అడిగి పెడతాను," అంది ఆ అమ్మాయి. "దాని మీద ఏం రాయమంటారు? సాయం అని రాయనా? సేవ?"

సేవ అన్న మాట ఆమెకి ఇంట్లో బాగా పరిచయం. జీతం ఇవ్వని చోట పూలదండలా ఆ మాట వేస్తారు.

"పని అని రాయమ్మా," అంది.

ఫోన్ పెట్టేశాక పోస్ట్‌మాస్టర్ గారు నసిగారు. "ముందే చెబుతున్నానమ్మా, మళ్ళీ లెక్క వేసినా కౌంటర్ పోతే పోవచ్చు."

"పోతే పోనివ్వండి సార్. పని చేస్తుండగా తీసేశామని రాయండి. ఖాళీగా ఉందని మాత్రం రాయకండి."

సాయంత్రం ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, అత్తగారికో కప్పు టీ ఇచ్చి, తన కప్పుతో వెనక గుమ్మం మెట్టు మీద కూర్చుంది. పక్కన బియ్యం చేట లేదు. ఒళ్ళో బట్టలు లేవు. కప్పు చుట్టూ రెండు చేతులూ పెట్టుకుని, ఎదురింటి గోడ మీద ఎండ జారిపోతుంటే చూస్తోంది.

ఆయన చొక్కా పట్టుకుని వచ్చాడు. గుండీ ఇంకా కుట్టలేదు.

"ఇదిగో, ఖాళీగానే ఉన్నావుగా..."

"లేనండీ."

ఆయన ఆమె ఒళ్ళోకి చూశాడు, పక్కకి చూశాడు, వెనక్కి తిరిగి వంటింట్లోకి కూడా చూశాడు.

"మరేం చేస్తున్నావు?"

"టీ తాగుతున్నాను," అంది. "సూదీ దారం కిటికీ కింద సొరుగులో ఉన్నాయి."