మాత్ర వేసుకున్నాక అరగంట

“అమ్మా, ఇక్కడ మాత్రం జబ్బు పడకు. పాత షుగరుకి ట్రావెల్ ఇన్సూరెన్సు పైసా ఇవ్వదు,” అన్నాడు మా విక్రాంత్, నేను జర్మనీలోని కార్ల్స్‌రూహె వచ్చిన రోజే. అని ఊరుకోలేదు. షుగరు చూసుకునే మిషను, మెత్తటి చెప్పులు, ఏడు గళ్ళున్న మాత్రల డబ్బా కొనిపెట్టాడు. కోడలు రాజ్యశ్రీ యూనివర్సిటీకి బయల్దేరుతూ, “మీరు బాగుంటేనే మాకు ధైర్యం అత్తయ్యా, పాపకి కీటాలో సీటొచ్చేదాకా,” అంటుంది. కీటా అంటే ఇక్కడి పసిపిల్లల బడి. మనసులో ఏదో పెట్టుకుని అనదు పాపం. ఎద్దుకు నాడాలు కొట్టించే రైతుకు ఎద్దు మీద ప్రేమ లేదని ఎవరంటారు?

మాత్ర వేసుకున్న అరగంటలో అన్నం తినాలని మా ఊరి డాక్టరు చెప్పాడు. అయినా పోయినవారం పన్నెండున్నరకి మాత్ర వేసుకుని, గదిలో మీటింగులో ఉన్న కొడుకు కోసం కూర్చున్నాను. రెండైంది. చెమటలు, వణుకు. చేతిలో గరిటె జారిపడితే పాప జడుసుకుని ఏడ్చింది. గుప్పెడు పంచదార నోట్లో పోసుకుని గోడకి జారబడ్డాను. విక్రాంత్ పరుగెత్తుకొచ్చాడు.

“అంబులెన్సు పిలవాల్సొస్తే ఎంతవుద్దో తెలుసా? తినెయ్యొచ్చుగా!”

“నువ్వు తినకుండానా?”

“నేనేమన్నా ఆగమన్నానా అమ్మా?”

నిజమే, అనలేదు. అన్నవాళ్ళు వేరే. “మగాళ్ళు తిని లేవకముందే కంచం ముందేసుకునే ఆడది ఇల్లు నిలబెట్టదు,” అని కొత్త కాపురంలో మా అత్తగారు. విక్రాంత్ కడుపులో ఉన్నప్పుడు ఆగలేక రెండు ముద్దలు తింటే, “అంత కరువులో ఉన్నావా?” అని పదిమందిలో మా ఆయన. ఇద్దరూ పోయారు. ఆ మాటలు మాత్రం నాతోపాటు విమానమెక్కాయి, వాటికి వీసా ఎవరూ అడగలేదు. సరే, ఆగమని అనని నా కొడుకు ఒక్కపూటైనా తన కంచంలో తను వడ్డించుకున్నాడా?

ఇవాళ పన్నెండున్నరకి మాత్ర వేసుకుని, పాపకి తినిపించాను. గది తలుపు మూసే ఉంది. కుక్కరు మూత తీశాను. అలవాటు పడిన చెయ్యి మళ్ళీ మూత పెట్టబోయింది. ఆపాను. అన్నం, బీరకాయ కూర కంచంలో పెట్టుకుని బల్ల ముందు కూర్చున్నాను. గుండె దడదడలాడింది. అది షుగరు వల్ల కాదు.

తలుపు తీసుకుని విక్రాంత్ వచ్చాడు. నన్ను, కంచాన్ని చూశాడు.

“అదేంటమ్మా, నాకు పెట్టవా?”

“కుక్కర్లో ఉంది నాన్నా. పెట్టుకో.”

కంచాలెక్కడుంటాయో ఒక్కో అరా తెరిచి వెతుక్కున్నాడు. నేను లేవలేదు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. నాలుక చురుక్కుమంది.

నలభయ్యేళ్ళుగా అందరూ తిన్నాకే తిన్నదాన్ని. వేడన్నం ఊదుకుని తినాలని మర్చేపోయాను.