నట్టింట్లో పెనం

“ఇంకొకటి! వేడిది!”

హాల్లోంచి భర్త ఆ కేక వేస్తే చాలు, ఆమె చేతులు ఆమెని అడక్కుండానే పనిలో పడిపోతాయి. ఉండ తీసి, పిండిలో దొర్లించి, వత్తి, పెనం మీద వేసి, పొంగీ పొంగకముందే పళ్లెంలోకి, పళ్లెం హాల్లోకి. మామగారికి చల్లారిన రొట్టె గొంతు దిగదు. భర్తకైతే చల్లారిన రొట్టెని చూస్తేనే మొహం మాడిపోతుంది. అత్తగారు ప్రతి రొట్టెనీ వేలితో నొక్కి చూసి, “ఇది ఇందాకటిదిలా ఉందే” అంటుంది. వాళ్ళు తిని, చేతులు కడుక్కుని, టీవీ ముందు చేరాక ఆమె వంతు వస్తుంది. అప్పటికి మిగిలిన రొట్టెలు తీగ మీద ఆరిపోయిన తువ్వాళ్ళలా ఉంటాయి. వాటినైనా తీరిగ్గా తినేది లేదు. పాపని తొడ మీద వేసుకుని ఊపుతూ, ఒంటి చేత్తో తుంచుకుని, గబగబా మింగడమే.

ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఆమె వేడి రొట్టె తినలేదు. ఒక్కటంటే ఒక్కటి. తల్చుకుంటే ఆమెకే నవ్వొస్తుంది, రొట్టె గురించి కూడా ఎవరైనా దిగులు పడతారా అని. ఒకసారి సరదాగా అన్నట్టు భర్తతో అంది కూడా, “నాకూ ఓ పూట వేడిగా తినాలనుందండీ.” ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా, “నీకేంటే, పొయ్యి పక్కనే ఉంటావు, ఎప్పుడు కావాలంటే అప్పుడు కాల్చుకు తిను,” అన్నాడు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో ఆ మాట! పొయ్యి పక్కనే ఉంటుంది, నిజమే. బ్యాంకులో నోట్ల కట్టల పక్కనే గుమాస్తా ఉన్నట్టు.

పాపకి పాలిస్తూ ఫోను చూస్తుంటే ఒక రోజు ఆ వీడియో కనబడింది. మొహం కనిపించదు, రెండు చేతులే. మనింట్లో కలిపే గోధుమపిండే, అందులో జపాన్ వాళ్ళ రుచులు. మిసో అని, సోయా గింజలు పులియబెట్టిన ముద్దట, దాన్ని గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి పిండి కలిపారు. సన్నగా తరిగిన క్యాబేజీ, ఉల్లికాడలు రొట్టె మధ్యలో పెట్టి మడిచి, మళ్ళీ వత్తి, నువ్వులద్ది కాల్చారు. పైన తియ్యతియ్యగా నల్లటి సాసు, దాని మీద తెల్లటి గీతలు. అదంతా ఒక ఎత్తు, చివర్లో వచ్చింది ఒక ఎత్తు. పెనం బల్ల మధ్యలో ఉంది. చుట్టూ మనుషులు. కాలింది కాలినట్టు తుంచుకుంటున్నారు. ఆ రొట్టె వత్తిన చేతులు కూడా, వేలికి అంటిన పిండితోనే, అందరితో పాటు తుంచుకుని తీసుకెళ్ళిపోయాయి, కెమెరాలో పడని ఆ నోటి దగ్గరికి.

ఆ ముక్క దగ్గర ఆమె వీడియో ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసింది. పాప పాలు తాగడం ఆపి ఆమె మొహంలోకి చూసింది, ఏమైంది ఈవిడకి అన్నట్టు.

మిసో పొట్లం, ఆ నల్లటి సాసు సీసా సూపర్‌మార్కెట్లో దొరికాయి. తెచ్చి పిండి డబ్బా వెనక దాచింది. దాచాక భయం మొదలైంది. ఆమె డిగ్రీ మధ్యలో ఆగిపోయింది గానీ, భయపడటంలో గనక డిగ్రీ ఇస్తే బంగారు పతకంతో పాసయ్యేది. పాప తుమ్మితే జలుబని భయం, తుమ్మకపోతే ముక్కు మూసుకుపోయిందేమోనని భయం. వాసనకి అత్తగారు మొహం తిప్పేస్తే? “చదువు మధ్యలో వదిలేసినట్టు వంట కూడా ప్రయోగాలేనా?” అని ఆయన అంటే? ఈ మాట ఆయన అనలేదు. ఆమె ముందుగానే ఆయన గొంతుతో అనేసుకుంది. అలా అనుకున్నవన్నీ కలిపితే ఆయన నిజంగా అన్న వాటికంటే ఎక్కువే ఉంటాయి. నిజంగా అన్నవీ తక్కువేం కాదు.

ఆదివారం పొద్దున్నే వంటింట్లో సింకు కింద పైపు పగిలింది. నేలంతా నీళ్ళు. ప్లంబర్ వచ్చి, సామానంతా పరిచి, సింకు కిందకి సగం దూరిపోయి, “మధ్యాహ్నం దాకా ఇటెవరూ రాకండమ్మా” అన్నాడు, కాళ్ళు మాత్రమే కనిపిస్తుండగా.

“అయితే బయట్నించి తెప్పించేద్దాం” అన్నాడు ఆయన.

“బయటి తిండి మీ నాన్నకి పడదు” అంది అత్తగారు.

“నేను హాల్లో చేస్తాను” అంది ఆమె. అనేశాక, ఎవరన్నారా అని తనే ఒకసారి వెనక్కి చూసుకుంది.

హాలు మధ్యలో పొట్టి బల్ల వేసి, కరెంటు పొయ్యి పెట్టింది. వైరుకి ఎవరి కాలూ తగలకుండా గోడవారగా తిప్పింది. పాపని మామగారి ఒళ్ళో పెట్టి, “మామయ్యా, దీన్ని మాత్రం వదలకండి” అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. దాచిన మిసోని నీళ్ళలో కరిగించి పిండి కలపడం మొదలుపెట్టగానే అత్తగారు సోఫాలోంచి, “ఉప్పెయ్యడం మర్చిపోకు అమ్మాయ్!” అంది. రోజూ అనే మాటే. ఆమె చెయ్యి రోజూ లాగే ఉప్పు వేసింది. ముద్ద చేశాక చిటికెడు నాలుక మీద పెట్టుకుంటే తెలిసింది. మిసోలోనే బోలెడంత ఉప్పుంది! సముద్రాన్ని కలిపినట్టుంది పిండి.

ఏడుపు ముక్కు దాకా వచ్చింది. కానీ ఏడవడానికి కూడా వంటింట్లోకి వెళ్ళే వీల్లేదు, అక్కడ ప్లంబర్ ఉన్నాడు. చేసేది లేక ఇంకాస్త పిండి పోసింది. కలిపింది, రుచి చూసింది. ఇంకాస్త పోసింది. ఇంకొన్ని నీళ్ళు. ఉప్పు దారికొచ్చేసరికి పిండి పెద్ద పళ్లెం నిండి, పాప తలగడంత అయింది.

“ఊరందరికీ భోజనాలా ఏంటే?” అన్నాడు ఆయన.

“కొంచెం ఎక్కువైంది” అంది ఆమె.

“కొంచెమా!” అని మామగారు పగలబడి నవ్వాడు. తాతని చూసి పాప కూడా నవ్వింది.

మొదటి రొట్టె పెనం మీద పడగానే నువ్వులు చిటపటలాడాయి. ఉల్లికాడల వాసన, దాని వెనకాలే ఎప్పుడూ ఎరగని కమ్మటి వాసన ఒకటి హాలంతా అల్లుకుంది. అత్తగారు మొహం తిప్పలేదు. ముక్కు ముందుకు చాపింది. “ఏం వాసనే అది?” అంటూనే సోఫా దిగి బల్ల దగ్గరికి జరిగింది. మొదటిది మామగారికి, రెండోది ఆయనకి, మూడోది అత్తగారికి. వంటిల్లూ హాలూ అని దూరం లేకపోవడంతో పళ్లెం ఇలా పెడితే అలా ఖాళీ అవుతోంది. ఆమె ఒక చేత్తో వత్తుతూ, ఇంకో చేత్తో తిప్పుతూ, సాసు పోస్తూ ఉక్కిరిబిక్కిరవుతోంది. పిండి ముద్ద మాత్రం తరగనంటోంది. ఇవాళ కూడా ఇంతేలే అనుకుంది. చోటు మారింది, వంతు మారలేదు.

అప్పుడు పెనం మీది రొట్టె అంచు నల్లబడటం మొదలైంది. ఆమె రెండు చేతులకీ పిండే.

“ఏమండీ, ఆ అట్లకాడ తీసుకుని కాస్త తిప్పండి, మాడిపోతోంది!”

“నేనా?” అన్నాడు ఆయన, విమానం నడపమన్నట్టు.

“పెనం మీ ముందే ఉందిగా, తిప్పండి!”

ఆయన తిప్పాడు. సగం పెనం మీద, సగం బల్ల మీద పడింది. క్యాబేజీ చెల్లాచెదురైంది. మామగారు, “మహా గొప్పగా తిప్పావురా” అన్నాడు. కొడుకు మొహం ఎర్రబడింది. “ఇంకోటెయ్యి, ఇంకోటెయ్యి,” అన్నాడు పంతంగా, ఆటలో ఓడిన పిల్లాడిలా. అత్తగారు ఇదంతా చూసి చూసి ఇక ఆగలేకపోయింది. “నువ్వు వత్తేది అంచు మందంగా ఉందే, అందుకే వాడికి తిరగట్లేదు. ఇటివ్వు. నేను ఈ చేతుల్తో ఎన్ని వత్తానో నీకేం తెలుసు,” అని అప్పడాల కర్ర లాక్కుంది. లాక్కుని, కొంగు నడుముకి దోపుకుని, గుండ్రంగా, పల్చగా, చందమామలాంటి రొట్టె వత్తి, మెచ్చుకోమన్నట్టు అందరి వంకా చూసింది. ఆయన ఈసారి ఊపిరి బిగబట్టి తిప్పాడు. రొట్టె చెక్కుచెదరకుండా పడింది. పైపు రెంచీ చేత్తో పట్టుకుని గుమ్మంలోకొచ్చిన ప్లంబర్ కూడా “భలే!” అన్నాడు. మామగారు అతన్నీ పిలిచి కూర్చోబెట్టాడు.

ఆమె చేతులకి పని లేదు. ఏం చెయ్యాలో తెలియక పిండి దులుపుకుంటూ ఉంటే, అత్తగారు ఆ రొట్టెని ఆమె ముందున్న పళ్లెంలో పడేసింది.

“చూస్తావేంటే, తిను. చల్లారిపోతుంది.”

ఆమె తుంచింది. ఆవిరి మొహానికి కొట్టింది. వేలు చురుక్కుమంది, నాలుక కాలింది. పైన కరకర, లోపల క్యాబేజీ తీపి, అడుగున ఆ మిసో ఉప్పదనం. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “కారం తగిలిందా?” అన్నాడు మామగారు. “లేదు మామయ్యా, వేడి,” అంది, నోట్లో ముద్ద అటూ ఇటూ దొర్లిస్తూ. అని నవ్వేసింది. ఆ నవ్వుకి ఆయన ఒక క్షణం అట్లకాడ పట్టుకుని ఆమెనే చూస్తుండిపోయాడు. “మాడుతోందిరా!” అని అత్తగారు అరిచేదాకా.

కడుపు నిండా తింది. మామగారి వంతు వచ్చినా, భర్త వంతు వచ్చినా లేవలేదు.

సోమవారం సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో సింకు తళతళలాడుతోంది, కొత్త పైపు చుక్క కారడం లేదు. హాల్లో మాత్రం పొట్టి బల్ల వేసే ఉంది. దాని మీద కరెంటు పొయ్యి, పెనం. పక్కన ఒక్క పూటకి సరిపడా పిండి ముద్ద, తడిగుడ్డ కప్పుకుని.

“ఇదేంటే, ఇంకా ఇక్కడే ఉంది? వంటిల్లు బాగయిందిగా!”

“బాగయింది,” అంది ఆమె. పాపని ఒళ్ళో సర్దుకుని, బల్లకి ఒక పక్కన కూర్చుని, తన పళ్లెం తన ముందుకు లాక్కుంది. “చేతులు కడుక్కు రండి. మీరు వత్తుతారా, కాలుస్తారా?”