పద్నాలుగు దినాల పరీక్ష

గుడియాత్తం నుంచి ఆంబూరు పోయే కంపెనీ బస్సులో వెనక సీటు రోజూ రచ్చబండే. ఒక పక్క సామ్యుల్, ఇంకో పక్క ఖాదర్ బాయ్. ఇద్దరూ బూట్ల ఫ్యాక్టరీలో ఒకే బల్ల మీద తోలు కోసేవాళ్లు. కడుపులో పిండం ఎట్లా పెరుగుతుందో డాక్టర్ల కంటే ముందే ఖురాన్ చెప్పిందని బాయ్ అంటాడు. అంటురోగిని వేరుగా ఉంచాలని మోషే కాలంలోనే బైబిల్లో రాసిపెట్టారని సామ్యుల్ అంటాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం ఇద్దరూ. వినేవాళ్లకు కాలక్షేపం, ఎవరికీ నష్టం లేదు, పోయిన ఎండాకాలం దాకా.

ఆ ఎండాకాలంలోనే సామ్యుల్ భార్య జెసింతకు ఎడమ ముంజేతి మీద తెల్లమచ్చ లేచింది. అదే ఫ్యాక్టరీలో ఆమెది కుట్టు పని. ఆ లైనులో అంత చక్కని కుట్టు ఇంకొకరికి పడదు. ఆ చేతుల మీదే ఆమెకు గర్వం, ఇంటికి సగం కూడు.

"నొప్పి ఉండాదా?" అని అడిగాడు సామ్యుల్.

"లేదు. దురదా లేదు. ఏమీ తెలీలే. ఆస్పత్రికి పోదామా?"

ఆ "ఏమీ తెలీలే" దగ్గర ఒక్క క్షణం ఆగి ఉంటే ఎంత బాగుండేది. ఆగలేదు మహానుభావుడు.

"ఆస్పత్రి యాల? అంతా మన పుస్తకంలోనే ఉండాది," అన్నాడు.

ఇంట్లో తెలుగు మాట్లాడినా చదవడం తమిళమే వచ్చు గనక తమిళ బైబిలు తెరిచాడు. మచ్చ లోతుగా లేకుండా, అందులో వెంట్రుక తెల్లబడకుండా ఉంటే ఏడు దినాలు వేరుగా ఉంచి చూడాలి. పాకకపోతే ఇంకో ఏడు, అప్పటికీ పాకకపోతే రోగం లేనట్టే, అని రాసుంది. జెసింత చేత సెలవు పెట్టించి, ముందుగదిలో చాప, కంచం, చెంబు వేరు చేశాడు. రోజూ పొద్దున గడప ఇవతలే నిలబడి, టార్చి వేసి చూసి, క్యాలెండరు మీద గీత గీశాడు.

పదిహేనో రోజు బస్సులో ఫలితం చాటాడు.

"చూడు బాయ్, ఎన్ని వేల ఏండ్ల కిందటి పరీక్షో. వెంట్రుక నల్లగానే ఉండాది, మచ్చ పాకలే. ఏ రోగమూ లేదు."

బాయ్ నవ్వలేదు. "మనం వాదులాడేది పొద్దు పోయేదానికప్పా. ఆయమ్మను వేలూరు పిల్చుకోని పో. ముందు డాక్టరుకు చూపించు."

ఓడిపోయి మాట మారుస్తున్నాడనుకున్నాడు సామ్యుల్. ఆ గెలుపు ఎంత తియ్యగా ఉందంటే, సాయంత్రం ఇంటికి బిర్యాని పొట్లం కట్టించుకుపోయాడు.

ఎనిమిది నెలలకు మిషను సూది జెసింత ఎడమ చిటికెన వేల్లో దిగింది. ఆమె మిషను ఆపలేదు. తోలు మీద నెత్తురు చూసి పక్కనున్న మేనక కేక వేస్తేగాని ఆమెకు తెలియలేదు.

వేలూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆమెను కళ్లు మూసుకోమంది. "తాకినప్పుడు చెప్పమ్మా" అని పెన్ను మొనతో మచ్చ మీద తాకింది. చిటికెన వేలి మీద, ఉంగరం వేలి మీద తాకింది. ఇంకా మొదలే పెట్టలేదనుకుని జెసింత కళ్లు మూసుకుని కాచుకుని ఉంది.

"కుష్ఠు. మాత్రలతో నయమవుతుంది," అంది డాక్టరమ్మ. "మచ్చ వచ్చినప్పుడే వచ్చి ఉంటే ఈ రెండు వేళ్లూ దక్కేవి. ఇప్పుడు చెప్పలేను."

తిరుగు బస్సు విరించిపురం దాటాక జెసింత అంది, కోపం లేకుండా.

"పద్నాలుగు దినాలు చూసినావు. ఒక్కనాడు కూడా ముట్టుకోలే. ముట్టింటే, నాకు తెలీలేదని ఆ పొద్దే తెలిసుండు గదా."

సామ్యుల్ ఒంగిపోతున్న ఆ రెండు వేళ్లనూ మెల్లగా తన చేతిలోకి తీసుకున్నాడు.

జెసింత కిటికీలోంచి బయటికే చూస్తోంది. అతను పట్టుకున్నట్టు ఆమెకు తెలియలేదు.