మాస్కుకు పెట్టిన బొట్టు

అహరోను తడి తువ్వాలు మెడకు చుట్టుకుని, కంప్రెసర్ పైపుల వెంట వాసన చూసుకుంటూ వస్తున్నాడు. కైకలూరు ఐసు ఫ్యాక్టరీలో ఇరవయ్యేడేళ్ళుగా ఇదే పని. అమ్మోనియా ఘాటుకు తన మీసం మూడుసార్లు రాలిపోయి, నాలుగోసారి సిగ్గు లేకుండా మొలిచిందని చెబుతుంటాడు. మూడో వాల్వు దగ్గర ముక్కు భగ్గుమంది. నెలరోజులుగా ఇదే తంతు.

ఐసు దిమ్మలు లాగే సూర్రావు పేపరు తిరగేస్తున్నాడు. "అణు ఇంజను రాకెట్టంట బాబాయ్. మామూలు రాకెట్టయితే బరువంతా ఇంధనమేనంట."

"మన చేపల లారీలాగే. కలకత్తా దాకా సగం ఐసే మోసుకుపోతాం. నేనోసారి సైకిలు మీద దిమ్మ కట్టుకుని ఆలపాడు పోయాను. దిగేసరికి తాడే మిగిలింది. దానికీ బేరమాడారు."

సూర్రావు నవ్వాడు. "దీనికి యురేనియం వేడి చాలంట. అంగారకుడికి తొందరగా పోవచ్చు. దారిలో మనుషులకు రేడియేషన్ కూడా తక్కువ తగులుద్ది."

"మంచిదే. పేలితేనో?"

"పైకెళ్ళాకే రాజేస్తారంట. రాజేశాక మళ్ళీ కింద పడితేనే అసలు గొడవ. లాభం ముందు ఆ ముప్పు స్వల్పమంట."

అహరోనుకు ఒళ్ళు మండింది. "స్వల్పమని ఎవడన్నాడు? కింద ఉండేవాణ్ణి అడిగారా? వాళ్ళు నయం, ముప్పుందని పేపర్లో వేశారు. మన గోడ మీద ఒక్క ముక్క రాశారా?"

అంతలో యజమాని సత్తిబాబు కారు దిగాడు. అహరోను ఎదురెళ్ళాడు.

"వాల్వు మార్చాలండీ. అందాకా ఆఫీసులో ఉన్న ఆ గ్యాసు మాస్కయినా ఇప్పించండి."

"సీజన్లో ప్లాంటు ఆపితే ఊళ్ళో చేపలన్నీ కుళ్ళిపోవూ? మాస్కు వాడి పాడుచేస్తే ఇన్స్పెక్టరుకి ఏం చూపించను?"

"దసరా ఆయుధపూజకి పానాలు, సుత్తులతో పాటు దానికీ బొట్టుపెట్టి లోపల దాచేశారు. ఘాటు పీల్చేది నేనండీ, పూజ దానికాండీ?"

సత్తిబాబు నవ్వేసి, ఆఫీసుకు తాళం వేసుకుని ఏలూరు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మూడు గంటలకు ఆ మూడో వాల్వు ఊడింది. తెల్లటి పొగ బుసకొట్టింది. పక్క షెడ్డులో పదిమంది ఆడవాళ్ళు రొయ్యలు ఒలుస్తున్నారు.

"వాళ్ళని గాలికి ఎదురుగా పరిగెత్తించరా," అన్నాడు అహరోను సూర్రావుతో. తువ్వాలు తొట్టిలో ముంచి ముఖానికి కట్టుకుని లోపలికి నడిచాడు, రోజూ నడిచినట్టే.

కాసేపటికి బుస ఆగింది. ఆడవాళ్ళంతా రోడ్డు మీద దగ్గుతూ నిలబడ్డారు. అహరోను మాత్రం బయటికి రాలేదు. పొగ పలచబడ్డాక సూర్రావు లోపలికి వెళ్ళాడు. అహరోను మెయిన్ వాల్వు చక్రం మీద చెయ్యి వేసి, పైపుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, అలసి కూలబడ్డవాడిలా. ఊపిరి లేదు.

సాయంత్రం పోలీసుల ముందు సత్తిబాబు ఆఫీసు తలుపు తీశాడు. అద్దాల బీరువాలో మాస్కు కొత్తగా మెరుస్తోంది. దాని నుదుట దసరానాటి కుంకుమ ఇంకా చెరగలేదు.